సువార్తమ్మ గొర్రెపిల్ల గుడికి పోయిన వైనం

సువార్తమ్మ ఇస్సాకు కూతురు. ఇస్సాకు ఎవరంటే, భీమిలి దగ్గర ఉప్పుటేటి ఒడ్డున ఉండేవాడు. కలరా వచ్చిన ఏడు సొంత అన్నదమ్ములే పాడె మొయ్యడానికి వెనకాడితే, కులమూ మతమూ అడక్కుండా పదిహేడు మందిని తన భుజం మీద మోసుకెళ్ళి మట్టి చేసిన మనిషి. ఇస్సాకు భార్య మార్తమ్మ. ఆవిడ మంత్రసాని. పురుడు పోసినందుకు చేటెడు బియ్యం ఇస్తే, అందులో సగం ఆ బాలింత వంటింట్లోనే వదిలేసి వచ్చేదంట. మార్తమ్మ తల్లి ఎర్రమ్మ. మండు వేసవిలో ఉప్పుబళ్ళవాళ్ళకి దారి పక్కన కుండలు పెట్టి తరవాణి పోసిన ఇల్లాలు. ఇంతమంది చేసిన మంచి వెనకాల ఉంది గనకనే సువార్తమ్మ సముద్రం దాటి మళ్ళీ మన ఒడ్డుకి చేరింది అని మా అమ్మమ్మ అనేది. సువార్తమ్మ మా అమ్మమ్మకి స్వయానా అక్క. పెద్దల పేర్లు తలుచుకోకుండా కథ ఎత్తుకోవడం, చెయ్యి కడుక్కోకుండా కంచం ముందు కూర్చోవడం లాంటిది. కడుక్కున్నాను. ఇక వినండి.

సువార్తమ్మకి ఇరవై ఆరో ఏటనే మొగుడు పోయాడంట. ఒడిలో మూడేళ్ళ పిల్ల, రాహేలు. మిషను బడిలో చదువుకున్న మనిషి, ఇంగ్లీషు వచ్చిన మనిషి గనక జనపనార మిల్లు దొరగారింట్లో ఆయాగా కుదిరింది. దొరగారికి లూసీ అని ఒక్కతే కూతురు. ఆ పాపకి సువార్తమ్మ కలిపి పెడితేనే ముద్ద దిగేదనుకో. ఏమైందంటే, ఒక ఏడు దొరసాని ఇంగ్లండులో అత్తగారింటికి బయలుదేరుతూ, "సువార్తా, ఆరే ఆరు నెలలు. నువ్వు రాకపోతే పాప ఓడలోనే జబ్బు పడుతుంది. ఆరు నెలలకి అందరం కలిసి తిరిగి వచ్చేస్తాం" అని బతిమాలిందంట. రాహేలుని తల్లి దగ్గర వదిలి సువార్తమ్మ సరేనంది. బయలుదేరే రోజు మార్తమ్మ కూతుర్ని గుమ్మంలో ఆపింది. "ఏమే, ఒక్క మాట. మీ నాయన కల్లుకుండ బద్దలుకొట్టి బాప్తిస్మం తీసుకున్నవాడు. నువ్వు ఏ దేశమైనా పో. కల్లుపాక గడప మాత్రం తొక్కకు." "అమ్మా, అక్కడ తాటిచెట్లే ఉండవంట." "చెట్టు లేకపోతే ఏం, మనిషున్న చోటల్లా ఏదో ఒకటి పులవబెడతాడు. ఒట్టు వెయ్యి." "ఒట్టు పెట్టుకోకూడదని బైబుల్లో ఉంది కదే." "అయితే మాటివ్వు. మాటివ్వకూడదని ఎక్కడా లేదు." సువార్తమ్మ మాటిచ్చింది. ఇచ్చిన మాట మీద నిలబడే వంశం అది. అదే చిక్కయి కూర్చుంది.

ఆ ఊరి పేరు ఎల్ముకోము. నోరు తిరగకపోతే మానెయ్యండి, మా అమ్మమ్మకీ తిరిగేది కాదు. చిన్న ఊరు. ఒకటే వీధి, దాని కిందుగా ఒక ఏరు, ఏటి మీద మూడు కమానుల రాతి వంతెన. బండి వస్తే నడిచేవాళ్ళు తప్పుకుని నిలబడడానికి ఆ వంతెన గోడల్లోనే మూలలు కట్టారంట. బండివాడి దారి బండివాడిది, కాలినడక మనిషి పరువు కాలినడక మనిషిది. నాకా మాట వింటేనే ముచ్చటేస్తుంది. ఊరికి ఒక చర్చి, మూడు పబ్బులు. మనకి కల్లుపాక ఎలాగో వాళ్ళకి పబ్బు అలాగన్నమాట. అయితే మనం పాకకి పేరు పెట్టం, వాళ్ళు బిడ్డకి బారసాల చేసినట్టు పేరు పెట్టి, చదువురాని వాళ్ళ కోసం ఆ పేరు బొమ్మగా గీయించి గుమ్మం మీద వేలాడదీస్తారంట. ఒకటి నల్లగుర్రం పబ్బు, ఒకటి నాగలి పబ్బు, మూడోది గొర్రెపిల్ల పబ్బు. ఈ సంగతి మీకిప్పుడు నేను చెప్పాను. సువార్తమ్మకి అప్పుడు ఎవరూ చెప్పలేదు.

వాళ్ళు చేరిన వారమే ఆదివారం వచ్చింది. దొరసానికి పడిశం. "నువ్వు వెళ్ళిరా సువార్తా, వంతెన దాటితే వస్తుంది, గంట వినిపిస్తూనే ఉంటుంది" అని దుప్పటిలోంచే చెప్పిందంట. ఈవిడ ఉతికిన తెల్లచీర కట్టుకుని, బైబులు పట్టుకుని బయలుదేరింది. బయలుదేరితే మంచు! మన పుష్యమాసపు మంచు కాదర్రా, చెయ్యి చాపితే వేళ్ళు కనపడని మంచు. గంట వినిపిస్తోంది గాని ఏ వైపు నుంచో తెలియదు, నాలుగు దిక్కులా అదే. వంతెన దాటింది. గోడ తడుముకుంటూ నడిచింది. ఒక చోట తల ఎత్తి చూస్తే, మంచులోంచి బంగారు రంగు గొర్రెపిల్ల ఒకటి తొంగిచూసిందంట. ముందరికాలితో ఒక జెండా పట్టుకుంది, జెండా మీద ఎర్రటి సిలువ. సువార్తమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అచ్చం ఆ బొమ్మే వాళ్ళ మిషను బడి గోడ మీద, పలకల గూటికి పైన ఉండేది. లోకపాపాలు మోసే దేవుని గొర్రెపిల్ల అని నేర్పారు కదా. ఇంకేముంది, దేవుడి ఇల్లు దొరికింది అనుకుంది. మన ఊళ్ళో చర్చికి వెళ్తే ఏం చేస్తాం? ఆ, చెప్పులు బయట విడుస్తాం. ఈవిడా చెప్పులు విడిచి గుమ్మానికి ఎడంపక్కన జతగా పెట్టి, చెంగు తల మీదకి లాక్కుని లోపలికి వెళ్ళింది.

లోపల ఎవరూ లేరంట. పొడుగాటి బల్లలు వరసగా ఉన్నాయి, సరే, చర్చిలో ఉండేవే. ఒక పక్క నెగడు మండుతోంది, చలిదేశం కదా అనుకుంది. గాలిలో ద్రాక్షారసం లాంటి వాసన. ఓహో, ఇవాళ సంస్కారం, అదే రొట్టే ద్రాక్షారసమూ, ఇచ్చే ఆదివారం కాబోలు అనుకుంది. నవ్వకే ఎస్తేరూ, నువ్వయినా అలాగే అనుకునేదానివి! ఆడవాళ్ళ వైపు ఏదో తెలియక, నెగడు పక్కన నేల మీద మోకాళ్ళూనింది. అయ్యగారు వచ్చేలోపల ముందు వచ్చినవాళ్ళు పాట ఎత్తుకోవడం మన మర్యాద. అందుకని కళ్ళు మూసుకుని తెలుగులో ఒక కీర్తన ఎత్తుకుందంట. ఒక చరణం అయింది, రెండో చరణం అయింది. మూడోది ఎత్తుకోబోతూ కళ్ళు తెరిస్తే, ఎదురుగా చేటంత మొహం గల ఒక పెద్దావిడ, చేతిలో బాల్చీ, భుజాన తడిగుడ్డ, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. సువార్తమ్మ లేచి నమస్కారం పెట్టి, "ఆరాధన ఎన్నింటికి మొదలవుతుందండీ?" అని అడిగిందంట. ఆ పెద్దావిడ బాల్చీ కింద పెట్టి, "మా దగ్గర పన్నెండింటికి మొదలవుతుంది తల్లీ, రెండింటికి తలుపు మూసేస్తాం. ఆదివారం చట్టం అది" అంది. అప్పుడు చూసింది సువార్తమ్మ, ఆవిడ వెనకాల గోడ పొడుగునా పేర్చిన పీపాలు, తలకిందులుగా బోర్లించిన గ్లాసులు. కల్లుపాక! అమ్మకిచ్చిన మాట! వెనక్కి చూడకుండా ఒకటే పరుగు. చెప్పులు గుమ్మంలోనే ఉండిపోయాయి.

అదే సమయానికి మంచు విడిచింది. వీధి చివర చర్చి కనిపించింది, నల్లరాతి గోపురంతో, ఏనుగులా. చర్చిలో పొద్దుటి మొదటి ఆరాధన అప్పుడే విడిచారు, ఆ గంట రెండోదానిది. జనం బయటికి వస్తున్నారు. ముందు పాదిరిగారు. ఆయన చూస్తూ ఉండగా దొరగారింటి ఆయా, ఆదివారం పూట, పబ్బులోంచి ఉత్త కాళ్ళతో, ముసుగు జారిపోయి, పరుగెత్తుకొస్తోందంట. ఇక మీరే చెప్పండి, ఎవరైనా ఏమనుకుంటారు? సాయంత్రానికి ఊరంతా అదే మాట. దొరసాని "చెప్పులేవి సువార్తా?" అంటే, "పోయాయమ్మా" అంది, అంతే. ఇంకో ముక్క చెప్పలేదు. చెబితే ఏమని చెప్పాలి? దేవుడి గుడికీ సారాయి కొట్టుకీ తేడా తెలియని మనిషి అని మిషను బడికి చెడ్డపేరు, ఇస్సాకు పేరుకి మచ్చ. మా వంశంలో ఆడవాళ్ళకి అభిమానం కాస్త ఎక్కువ. తిండి లేకపోయినా ఓర్చుకుంటారు గాని నవ్వులపాలయితే ఓర్చుకోరు.

ఆ పెద్దావిడ పేరు మిసెస్ టాపు. మా అమ్మమ్మ టాపమ్మ అనేది, నేనూ అలాగే అంటాను. టాపమ్మ మంచిదే పాపం. మర్నాడు పొద్దున్నే చెప్పులు తుడిచి, బయట మెట్టు మీద పెట్టిందంట, వచ్చి తీసుకుంటుందని. సువార్తమ్మ లూసీ పాపని తీసుకుని ఆ దారినే వెళ్ళింది. చూసింది. తీసుకోలేదు. మళ్ళీ ఆ మెట్టు దగ్గరికి వెళ్తే చూసినవాళ్ళు ఏమంటారు? సాయంత్రం టాపమ్మ చెప్పులు లోపల పెట్టింది. మర్నాడు మళ్ళీ మెట్టు మీద. ఇలా వారం రోజులు. ఎనిమిదో రోజున టాపమ్మ గుమ్మంలో నిలబడి, "ఏమమ్మోయ్, నీ చెప్పులు నాకు పట్టవు, పడితే నేనే వేసుకునేదాన్ని" అని కేకేసింది. సువార్తమ్మ రోడ్డుకి అవతలి పక్క గోడని ఆనుకుని నిలబడి, "అక్కడే ఉండనివ్వండి టాపమ్మగారూ, నేను గడప తొక్కనని మా అమ్మకి మాటిచ్చాను" అంది. "మొన్న తొక్కావు కదా?" "దేవుడి ఇల్లనుకున్నానండీ." టాపమ్మ నవ్విందంట, పొట్ట పట్టుకుని నవ్విందంట. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నలభై ఏళ్ళుగా ఈ ఇంటిని రకరకాల పేర్లతో పిలిచారు గాని ఇలా ఎవరూ అనలేదే" అంది. ఆ సంగతి ఎవరికీ చెప్పనని సువార్తమ్మ ఆవిడ చేత మాట తీసుకుంది. అప్పటి నుంచి వాళ్ళిద్దరి స్నేహం. ఆవిడ గుమ్మంలో, ఈవిడ రోడ్డవతల గోడ దగ్గర. మధ్యలోంచి పాలబండి వెళ్తుంటే మాట ఆపడం, వెళ్ళాక మళ్ళీ ఎత్తుకోవడం.

చలికాలం సాగుతోంది. పాపని రోజూ తిప్పాలి కదా, ఎక్కడికి తిప్పను అంటే, టాపమ్మ రోజుకొక చోటు చెప్పేదంట. "ఇవాళ గుట్ట ఎక్కు. అక్కడ నిలువురాళ్ళున్నాయి, మా దేశానికి పేరు లేనప్పుడు నిలబెట్టినవి. ఎన్నున్నాయో లెక్కపెట్టి రా." వెళ్ళి వచ్చాక, "పందొమ్మిది అండీ. పాప ఇరవై ఒకటి అంటోంది." "ఇద్దరూ కరెక్టే. మా ఆయన ఎప్పుడూ పదిహేడే అనేవాడు, అదీ ఇక్కడ ఒక గ్లాసు వేసుకుని తిన్నగా వెళ్తే." ఇంకో రోజు పాడుపడ్డ మఠం చూడమంది. ఎప్పుడో ఒక రాజుగారికి కోపం వచ్చి సన్యాసుల్ని వెళ్ళగొట్టి, కప్పు మీద సీసం రేకులు కూడా ఒలిపించుకుపోయాడంట. కప్పు లేదు, కిటికీలున్నాయి, ఆ కిటికీల్లోంచి గొర్రెలు తొంగిచూస్తున్నాయి. "ఆ మఠం వాళ్ళే ఈ ఇల్లు కట్టారే" అంది టాపమ్మ. "దూరం నుంచి వచ్చే యాత్రికులకి ఇంత రొట్టె, ఇంత బీరు పోసి పడుకోబెట్టేవాళ్ళంట. ఆ గొర్రెపిల్ల వాళ్ళు పెట్టిందే. సన్యాసులు పోయారు, బీరు మిగిలింది." చర్చి గురించి కూడా చెప్పింది. లోపల సమాధి మీద ఒక రాతి సర్దారు చేతులు జోడించుకుని పడుకుని ఉంటాడు, కాళ్ళ దగ్గర రాతి కుక్క, ఇరవై తరాలుగా తోక ఆడించకుండా కాపలా కాస్తోంది. "మీరు చూశారా టాపమ్మగారూ?" "చిన్నప్పుడు. మా ఆయన పోయిన ఏడు అప్పటి పాదిరి, పబ్బువాడి శవానికి గంట కొట్టనన్నాడు. ఆ రోజున ఆ గడప తొక్కనని నాకు నేనే మాటిచ్చుకున్నాను. ఇరవై ఏళ్ళయింది." మధ్యలోంచి పాలబండి ఒకటి వెళ్ళిందంట. తరవాత టాపమ్మే అంది, "చర్చి ఉత్తరపు గోడకి కింద చిన్న కిటికీ ఉంటుంది, చూశావా? పెద్దరోగం, అదే కుష్ఠు వచ్చినవాళ్ళ కిటికీ. వాళ్ళని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు కదా, బయట నిలబడి ఆ కిటికీలోంచే ఆరాధన చూసుకునేవాళ్ళంట."

ఆ మాట సువార్తమ్మకి తగలవలసిన చోట తగిలింది. ఆ ఆదివారం తరవాత ఆవిడ చర్చి లోపల అడుగు పెట్టలేదు మరి. నలుగురూ తిరిగి చూస్తారు, గుసగుసలాడతారు, ఆ బల్ల మీద కూర్చోవడం తన వల్ల కాదు. దొరసాని పడిశం తగ్గి చర్చికి వెళ్ళినా, ఈవిడ వంట వంక పెట్టి ఆగిపోయి, వాళ్ళు లోపలికి వెళ్ళాక, అది ఎవరి కిటికీయో తెలియకుండానే, అప్పటికే ఉత్తరపు గోడ చాటున ఆ కిటికీ దగ్గరే చేరేదంట. ఆ కిటికీ ఏటవాలుగా ఉంటుంది. బల్లలు కనపడవు, జనం కనపడరు. పాదిరిగారు నిలబడే చోటు, వెనకాల కొవ్వొత్తులు, అంతే కనపడతాయి. వానలో నిలబడింది. మంచు పడుతుంటే నిలబడింది. దొరసాని పాత బూట్లు విడిచి పక్కన పెట్టి, మేజోళ్ళ మీద నిలబడేది, బయటున్నా సరే. దేవుడి ఇల్లే కదా అది. ఈ సంగతి ఒక్క టాపమ్మకే చెప్పింది.

ఇలా ఉండగా ఏమైందంటే, వసంతకాలం రాగానే దొరగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన్ని ఆఫ్రికాకి మార్చారంట. ఇక మద్రాసూ లేదు, భీమిలీ లేదు. దొరసాని ఏడ్చింది. "సువార్తా, నిన్ను ఒంటరిగా ఓడ ఎక్కించలేను. ఇండియా వెళ్ళే కుటుంబం ఎవరైనా ఆయా కావాలంటే వాళ్ళతో పంపిస్తాను" అంది. వెతగ్గా వెతగ్గా పక్క పట్నంలో ఒకళ్ళు దొరికారు, మద్రాసు వెళ్తున్నారు, చంటిబిడ్డ ఉంది. కాని వాళ్ళొక నిబంధన పెట్టారు. ఈ మనిషి తాగదు, నడత మంచిది అని ఊరి పాదిరిగారి చేతిరాత కావాలి, సోమవారం లోపల అందాలి, లేకపోతే ఇంకో ఆయాని చూసుకుంటాం అన్నారు. మళ్ళీ ఎప్పటికి ఎవరు వెళ్తారో, ఎవరికి తెలుసు? అక్కడ ఆయాలు అలా దిక్కులేక ఏళ్ళకేళ్ళు ఉండిపోయినవాళ్ళు ఉన్నారంట. ఇక్కడ రాహేలుకి ఆరో ఏడు వచ్చింది. మార్తమ్మ రాయించిన ఉత్తరంలో, 'పిల్ల నీ మొహం మరిచిపోతోంది' అని ఉంది.

శుక్రవారం నాడు దొరసాని ఈవిడని వెంటబెట్టుకుని పాదిరిగారి ఇంటికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు, అలాగని మెత్తనివాడూ కాదు. "అబద్ధం రాయడానికి నా చెయ్యి రాదు" అన్నాడంట. "ఆదివారం పూట నువ్వు గొర్రెపిల్ల పబ్బులోంచి పరుగెత్తుకు రావడం నేను చూశానా, లేదా?" "చూశారయ్యగారూ." "తాగావా?" "లేదండి." "మరెందుకు వెళ్ళావు?" ఈవిడ తల దించుకుంది. "సరే, ఆ రోజు నుంచి చర్చికి ఎందుకు రావడం లేదు?" "వస్తూనే ఉన్నానయ్యగారూ." అదిగో, అక్కడ ఆయనకి కోపం వచ్చింది. "ఆరు నెలలుగా ఏ బల్ల మీదా నిన్ను నేను చూడలేదు. పోనీలే అనుకుంటుంటే, ఇప్పుడు ఇది కూడానా!" అని కలం మూతపెట్టేశాడు.

తిరిగి వస్తూ సువార్తమ్మ ఆ గోడ దగ్గర ఆగింది. టాపమ్మ మొహం చూడగానే ఏడుపొచ్చింది. "జరిగింది చెప్పెయ్యరాదుటే?" అంది టాపమ్మ. "మీ పబ్బుని దేవుడి గుడి అనుకున్నానని ఏ నోటితో చెప్పను? ఆయన దేవుడికి అవమానం అనుకుంటాడు." "నాకు అవమానం అనిపించలేదే! ఆయన దేవుడు నా కంటే సుకుమారమా?" "నవ్వుతారు టాపమ్మగారూ." "నవ్వనీ. నవ్వి ఓడ ఎక్కిస్తారు. నవ్వకుండా ఇక్కడే ఉంచుతారు. నీకేది కావాలి?" సువార్తమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకు మాటిచ్చారు, ఎవరికీ చెప్పనని" అని మాత్రం అంది. "ఇచ్చాను" అంది టాపమ్మ. తలుపు వేసేసుకుంది.

ఆదివారం వచ్చింది. సువార్తమ్మ ఎప్పటిలాగే కిటికీ దగ్గర చేరింది, ఆఖరి ఆశ కూడా పోయింది అనుకుంటూ. పాదిరిగారు ప్రసంగం మొదలుపెట్టాడు. నాలుగు మాటలు చెప్పాడో లేదో, ఆగిపోయాడు. ఎటో చూస్తున్నాడు. అడుగుల చప్పుడు లేదు, తలుపు చప్పుడు లేదు, ఏమిటో ఈవిడకి తెలియదు. లోపల గుసగుస మొదలైంది. అప్పుడు కిటికీలో ఒక టోపీ కనిపించింది, నల్లటి పాత టోపీ. దాని కింద చేటంత మొహం. టాపమ్మ! ఇరవై ఏళ్ళ పంతం విడిచి వచ్చింది. రావడం ఎలా వచ్చిందనుకున్నారు? తన బూట్లు చర్చి గుమ్మంలో విడిచి, మేజోళ్ళతో ఆ చల్లటి రాళ్ళ మీద నడిచి వచ్చింది. అందుకే చప్పుడు లేదు. చేతుల్లో సువార్తమ్మ చెప్పులు, మైనం రుద్ది తళతళలాడుతున్నాయంట. "పాదిరిగారూ, ప్రసంగం ఎక్కడికీ పోదు. ముందు ఈ చెప్పుల సంగతి తేల్చండి" అంది. "ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఈ వయసులో ఒక మాట తప్పుతున్నాను, దాని పాపం నాకే రాసుకోండి. ఆ మనిషి మా ఇంటికి తాగడానికి రాలేదు. మంచులో దారి కనపడక, గొర్రెపిల్ల బొమ్మ చూసి దేవుడి ఇల్లనుకుంది. చెప్పులు బయట విడిచింది. మీలో ఎవరు విడిచారు? చల్లటి నేల మీద మోకాళ్ళూని పాట పాడింది. మా ఇంట్లో నేను నలభై ఏళ్ళుగా విన్న పాటలు మీరు వినకూడదు. అది మాత్రం మీరు విని ఉండవలసింది." ఎవరో కిసుక్కున నవ్వారంట. టాపమ్మ అటు తిరిగి, "నవ్వు జార్జీ, నవ్వు, నీ పాటలే నేను చెప్పింది. ఆ ఇల్లు యాత్రికుల కోసం మఠం వాళ్ళు కట్టింది. ఈవిడ యాత్రికురాలు. దారి తప్పలేదు, నాలుగు వందల ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది, అంతే" అంది.

పాదిరిగారు మెల్లిగా, "అది అలాగే అనుకుందాం. చర్చికి వస్తూనే ఉన్నానని నాతో ఎందుకంది?" అన్నాడు. టాపమ్మ చెయ్యి చాపి కిటికీ వైపు చూపించింది. పాదిరిగారు మెట్లు దిగి వచ్చి, వంగి, ఆ చిన్న కిటికీలోంచి చూశాడు. అవతల రెండు కళ్ళు. ఆయన లేచాడు. బయటికి వచ్చాడు, చుట్టూ తిరిగి ఉత్తరపు గోడ దగ్గరికి వచ్చాడు, వెనకాల ఊరంతా. చూస్తే, చుట్టూ మోకాలెత్తు గడ్డి. ఆ కిటికీ కింద మాత్రం రెండు పాదాల మేర గడ్డి చచ్చి, నేల అలికినట్టు నున్నగా ఉంది. ఆయన ఆ నేల వంక చాలాసేపు చూశాడంట. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. "రెండో ఆదివారం నుంచి అయ్యగారూ." "మంచు పడుతున్నప్పుడు కూడానా?" "మంచు రోజుల్లోనే మీ గొంతు బాగా వినిపించేదండి." పాదిరిగారు దారి ఇచ్చి పక్కకి నిలబడ్డాడు. సువార్తమ్మ ముందుగుమ్మం దగ్గర టాపమ్మ బూట్ల పక్కనే తన బూట్లు పెట్టి, మొదటిసారి లోపలికి వెళ్ళింది. మిగిలిన ప్రసంగం ఆ రోజు లేదు. ఆయన అక్కడే, ఆ బల్ల మీదే ఉత్తరం రాశాడు. రెండే వాక్యాలంట. 'ఈమె నా సంఘంలో ఒక్క ఆదివారం కూడా తప్పని మనిషి. చూడకపోవడం నా తప్పు.'

సోమవారానికి ఆ ఉత్తరం అందింది, మద్రాసు వెళ్ళేవాళ్ళకి అదే చాలింది. బయలుదేరే రోజు చూడాలి. సువార్తమ్మ గోడ దగ్గర ఆగింది, టాపమ్మ గుమ్మంలో నిలబడింది. అమ్మకిచ్చిన మాట ఉంది కదా, ఈవిడ ఆ మెట్టు ఎక్కదు. టాపమ్మే దిగి రోడ్డు మధ్యకి వచ్చింది. ఈవిడా రోడ్డు మధ్యకి వెళ్ళింది. నడిరోడ్డు మీద ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడ్డారు. పాలబండివాడు గుర్రాన్ని ఆపుకుని, తల మీద టోపీ తీసి, వాళ్ళు విడిపోయే దాకా కదలకుండా కూర్చున్నాడంట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం సువార్తమ్మ ఎప్పుడూ కాస్త ఆగేది. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా ఆగేది.

ఇంటికి వచ్చింది. రాహేలు మొదట రెండు రోజులు దగ్గరికి రాలేదు, మూడో రోజు వచ్చి పక్కలో పడుకుంది. సువార్తమ్మ తల్లితో ఏదీ దాచలేదు. "అమ్మా, నీకిచ్చిన మాట తప్పాను. పాక గడప తొక్కాను." మార్తమ్మ చేటలో బియ్యం చెరుగుతూనే, "తాగావా?" అంది. "లేదమ్మా. పాట పాడాను." మార్తమ్మ చేట ఆపి, "అయితే ఆ పూట వాళ్ళ వ్యాపారం చెడిపోయి ఉంటుందిలే" అని మళ్ళీ చెరుక్కుందంట.

సువార్తమ్మ మిషను బడిలో ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేసింది. శనివారం మధ్యాహ్నం ఆడపిల్లల్ని పలకలు పెట్టేయించి నడకకి తీసుకెళ్ళేది. ఒలందులవాళ్ళ, అదే డచ్చివాళ్ళ గోరీలు, దీపస్తంభం, పావురాల కొండ మీద బౌద్ధుల ఇటుకలు, ఏ రాయి ఎవరు పెట్టారో తెలిసినంత చెప్పేది, తెలియకపోతే తెలియదని చెప్పేది. తను ఏ చోటు చూడాలో చెప్పడానికి ఊరుకాని ఊళ్ళో ఒక మనిషి దొరికింది గనక, తను ఇంకొకళ్ళకి చెప్పాలి అనేది. కల్లుపాక వస్తే రోడ్డుకి ఇవతలే ఆగి, "బాబూ, ఈ పాక ఎప్పటి నుంచి ఉంది?" అని కేకేసి అడిగేది, వాళ్ళు లేచి నిలబడి జవాబు చెప్పేవారు. ఆవిడ ఇచ్చిపోయింది చెబుతాను, ఇంకేమీ లేదు. రాహేలుకి పంతులమ్మ ఉద్యోగం నేర్పింది. మా అమ్మమ్మకి ఊలు అల్లడం నేర్పింది. మా అమ్మకి చూసి వచ్చింది చూసినట్టు చెప్పడం నేర్పింది. నన్ను పదో ఏట పావురాల కొండ ఎక్కించింది, దిగేటప్పుడు ఈ కథ చెప్పింది. దిగేటప్పుడే ఎందుకంటే, ఎక్కేటప్పుడు చెబితే ఆయాసం వస్తుందని. మీరు కూర్చుని విన్నారు గనక మీకు ఆయాసమూ లేదు. నాకే గొంతెండిపోయింది, మంచినీళ్ళివ్వండి.